డబ్బాలు ఎవరు దింపుతారు?

ఆంటీ పోయిందన్న కబురు బుధవారం మధ్యాహ్నం చర్చి వాట్సాప్ గ్రూపులో వచ్చింది. పాస్టరుగారు పెట్టారు. శనివారం పొద్దున పదకొండింటికి గ్వెల్ఫ్‌లో జ్ఞాపకార్థ ఆరాధన, తరువాత కింది హాల్లో భోజనాలు, అద్దె కుర్చీలూ బల్లలూ తొమ్మిదింటికల్లా వస్తాయి అని. ఆ కింద చేతులు జోడించిన బొమ్మలు. బొమ్మల మధ్య మధ్య ఒకటే మాట: ఏదైనా హెల్ప్ కావాలంటే చెప్పండి, మేమున్నాం. పైనుంచి కింది దాకా చదివాను. ఒక్కరు కూడా ఎన్నింటికి వస్తారో, వచ్చి ఏం చేస్తారో రాయలేదు. ఏడుపు రావాల్సిన చోట నాకు ఒళ్ళు మండింది. ఫోన్ బోర్లా పెట్టేసి, ఈ జబ్బు నాకు అంటించింది ఆవిడే కదా అనుకున్నాను.

నేను ఆ చర్చి మనిషిని కాను. మాది ఖమ్మం పక్క, మా ఇంట్లో దేవుళ్ళు వేరు. ఒక క్రిస్మస్‌కి కుర్చీలు వేసే మనిషి తక్కువయ్యాడని ఆవిడే నన్ను ఆ గ్రూపులో చేర్చింది. తరువాత నన్ను తీసెయ్యడం ఎవరికీ గుర్తులేదు.

ఆవిడ దగ్గర పనికి కుదిరేనాటికి నేను కెనడాలో, గ్వెల్ఫ్ పక్క ఊరు కిచెనర్‌లో, ఒక బేస్‌మెంట్‌లో ఉండేవాణ్ణి. ఏడుగురం, ఒక బాత్రూమ్. చదువుకోవడానికి వచ్చిన మా బోటి వాళ్ళతో ఊరు ఊరంతా నిండిపోయిన రోజులవి. బస్సెక్కితే సగం మంది మనవాళ్ళే. కాఫీ షాపులో రెండు ఖాళీలున్నాయంటే రెజ్యూమెలు పట్టుకున్న వాళ్ళ వరుస వీధి మలుపు తిరిగేది. నా కోర్సు అయిపోయింది, వర్క్ పర్మిట్ చేతికొచ్చింది, ఉద్యోగం మాత్రం రాలేదు. పీఆర్‌కి, అంటే ఇక్కడ స్థిరపడే అనుమతికి, పనికొచ్చే ఉద్యోగం కనీసం ఏడాదైనా చేస్తే తప్ప ఇక్కడ ఉండే దారి లేదు. పర్మిట్ మీద అచ్చేసిన తేదీ నా కోసం ఆగదు. అలాంటప్పుడు మా రూమ్మేట్ సందీప్ ఎక్కడో చూసి చెప్పాడు, గ్వెల్ఫ్‌లో స్కూల్ ఫండ్‌రైజింగ్ కంపెనీకి సేల్స్ రెప్‌లు కావాలట, ఆగస్టు నుంచి అని.

ఇక్కడి స్కూళ్ళు ఆటస్థలానికో, లైబ్రరీకో డబ్బు కావాలంటే పిల్లల చేత ఏవో ఒకటి అమ్మిస్తాయి. మా కంపెనీ కుకీ డో, అంటే ఇంట్లో కాల్చుకునే బిస్కెట్ల పిండిముద్ద డబ్బాలు, తులిప్ దుంపలు ఇచ్చేది. పిల్లలు సెప్టెంబరులో ఇంటింటా ఆర్డర్లు రాసుకొస్తారు, అక్టోబరులో సరుకు ట్రక్కులో స్కూలుకి వస్తుంది. ఆగస్టులో స్కూళ్ళ చుట్టూ తిరిగి వాళ్ళని ఒప్పించడం రెప్‌ల పని. ఆ సీజన్‌లో పది స్కూళ్ళు తెచ్చిన రెప్‌ని పర్మనెంట్ చేస్తామని కంపెనీ చెప్పింది. అయితే వీడు పనికొస్తాడని సూపర్‌వైజర్ రాసివ్వాలి. ఆ సూపర్‌వైజర్ ఈవిడ.

మొదటి రోజు వాళ్ళింటికి వెళ్తే గరాజ్ తలుపు ఎత్తి ఉంది. లోపల ఒక మడత బల్ల, దాని మీద కేటలాగుల కట్టలు, ఒక బూట్ల పెట్టె. పొట్టి మనిషి, అరవై దాటిన వయసు, చుడీదార్ మీద నుంచి మోకాలికి నల్ల పట్టీ. నా మొహం చూడకుండా కాళ్ళ వంక చూసింది.

"ఏ ఊరు నాన్నా మీది?"

చెప్పాను.

"మాది రాజమండ్రి. బూట్లు తుడుచుకురా."

వ్యాన్ డాష్‌బోర్డు అరలో ఒక పాత టూత్‌బ్రష్, గుడ్డ ముక్క ఎప్పుడూ ఉండేవి. ఏ స్కూలు ముందు ఆగినా, దిగే ముందు బూట్లు రుద్దుకోవాల్సిందే. రెండు రోజులు ఊరుకుని మూడో రోజు అడిగాను, లోపల కూర్చుని మాట్లాడే సెక్రటరీ నా బూట్లు చూస్తుందా అని. "సెక్రటరీ మొహమే చూస్తుంది. నువ్వు తొక్కే నేల తుడిచేది కేర్‌టేకర్. తలుపుల తాళాలు ఆయన దగ్గరుంటాయి" అంది. ఆ తాళాలతో మనకేం పనో చెప్పలేదు. ఏదీ పూర్తిగా చెప్పే అలవాటు లేదు ఆవిడకి. అడిగినదాన్నే మళ్ళీ అడిగితే టీచరమ్మ చూపు చూసేది. రాజమండ్రిలో మిషన్ స్కూల్లో మూడో తరగతికి చెప్పేదట. నా ఖర్మకొద్దీ ఆ మూడో తరగతి మళ్ళీ గ్వెల్ఫ్‌లో మొదలైంది.

పొద్దున్నే డ్రైవ్‌వేలో నిలబెట్టి ఎదురింటి గరాజ్ తలుపుకి నా చేత ప్రసంగం చెప్పించేది. స్కూల్ కౌన్సిల్, అంటే తల్లిదండ్రుల సంఘం ముందు మాట్లాడాల్సిన నాలుగు నిమిషాల మాటలు. సగంలో ఉండగానే "మళ్ళీ చెప్పు" అనేది. తప్పేమిటో చెప్పేది కాదు. కుక్కని తిప్పే ఎదురింటాయన నా ప్రసంగం విని విని ఒక రోజు నాతో పాటే రెండు వాక్యాలు అప్పజెప్పాడు. ఆవిడ నవ్వలేదు. "చూశావా, ఆయన ఎంత నిదానంగా చెప్పాడో" అంది.

ఇక రుచుల గొడవ ఒకటి. కేటలాగులో ఉన్న ప్రతి కుకీనీ ఆగస్టు ఎండలో ఓవెన్ పెట్టి కాల్చి నా చేత తినిపించేది. తినని వస్తువు అమ్మకూడదట. పదకొండు రకాలు. వారం తిరిగేసరికి వెన్న వాసన వస్తే గరాజ్ బయటికి వెళ్ళి నిలబడేవాణ్ణి. తిన్నాక పరీక్ష కూడా. వేటిలో గుడ్డుంది, వేటిలో లేదు, ఏది వేరుశనగ ఉన్నచోట తయారైంది, అన్నీ చూడకుండా చెప్పాలి. ఇదంతా చాదస్తమని సందీప్‌తో రోజూ మొత్తుకునేవాణ్ణి.

ఆ చాదస్తం మిల్టన్ అనే ఊళ్ళో ఒకసారి నన్ను నలుగురిలో తలదించుకునేట్టు చేసింది. కొత్త టౌన్‌హౌసుల మధ్య స్కూలు, కౌన్సిల్‌లో నలుగురు తల్లులు, అందులో ఒకావిడ తెలుగావిడే. నా మాట బాగా సాగుతోంది. ఆవిడ తెలుగులోకి దిగి, "చాక్లెట్ చిప్‌లో ఎగ్ ఉంటుందాండీ? మా ఇంట్లో తినరు" అంది. సంతకం దాకా వచ్చిన పని. ఉండదండీ అనేశాను. వెనక కుర్చీలోంచి ఆంటీ గొంతు వినపడింది.

"ఉంటుందమ్మా. అబ్బాయి కొత్త. ఓట్‌మీల్‌లో ఉండదు, అది తీసుకో."

నా చెవులు కాలిపోయాయి. వ్యాన్‌లో కూర్చున్నాక అడిగేశాను.

"అందరి ముంగట అట్ల అనాల్నా ఆంటీ?"

"ఆవిడ తిన్నాక చెప్పమంటావా?"

తిరుగు దారంతా నాలుగువందల ఒకటి హైవే మీద కుడివైపు లైన్లో ఎనభై దాటకుండా నడిపింది. వెనక నుంచి ట్రక్కులు హారన్లు కొడుతుంటే కూనిరాగంతో ఏదో కీర్తన. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆవిడ ప్రశ్న ఒక్కటీ ఒక ఎత్తు.

బూట్ల పెట్టెలో స్కూలుకొక కార్డు ఉండేది. దాని మీద తెలుగులో, టీచరమ్మ గుండ్రటి రాతతో, సెక్రటరీ పేరు, ఆవిడకి మోకాలి ఆపరేషన్ ఎప్పుడయింది, కేర్‌టేకర్ మనవరాలి పేరు, ప్రిన్సిపాల్‌కి కాఫీ పడదు లాంటివన్నీ. అన్నిటికన్నా కింద గీత కొట్టి ఒక గడి. 'దింపేది' అని రాసి ఉండేది. స్కూళ్ళు తెరిచే ముందు వారం నేను సందీప్ పాత కారు అడిగి తీసుకుని ఒక్కణ్ణే తిరిగి వచ్చి గొప్పగా చెప్పాను.

"పద్నాలుగు స్కూళ్ళు కన్‌ఫర్మ్ ఆంటీ."

"ఏమన్నారు? అన్నది అన్నట్టు చెప్పు."

"సౌండ్స్ వండర్‌ఫుల్ అన్నరు. వీ విల్ బీ ఇన్ టచ్ అన్నరు."

"అంటే కాదన్నారు."

"కాదనలేదాంటీ. నవ్విన్రు కూడా."

"ఇక్కడ కాదనేటప్పుడే నవ్వుతారయ్యా. పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు ఇంటికెళ్ళి ఫోన్ చేస్తామంటారే, అది ఇది. డబ్బాలు ఎవరు దింపుతారో అడిగావా?"

అడగలేదు. అడగాలని ఎవరికి తోస్తుంది? ట్రక్కొచ్చేది అక్టోబరులో. ట్రక్ డ్రైవర్ సరుకు పేవ్‌మెంట్ మీద దించి వెళ్ళిపోతాడు. గడ్డకట్టిన కుకీ డో కరిగేలోపు దాన్ని లోపలికి చేర్చి, క్లాసులవారీగా సర్ది, సాయంత్రం తల్లిదండ్రులకి ఇవ్వాలి. ఆ పని చేసే మనిషి పేరు స్కూలువాళ్ళు ఆగస్టులోనే చెప్పగలిగితే వాళ్ళు నిజంగా ఒప్పుకున్నట్టు. పేరు చెప్పకపోతే ఎంత నవ్వినా లేనట్టే. ఇదీ ఆవిడ లెక్క.

నన్ను అక్కడే గరాజ్‌లో కూర్చోబెట్టి పద్నాలుగు స్కూళ్ళకీ ఫోన్ చేయించింది. ఒక్కొక్కరినీ అదే ప్రశ్న అడిగాను. చాలామంది ఎంతో మర్యాదగా ఈ ఏడాదికి వద్దులెండి అన్నారు. సాయంత్రానికి నాలుగు మిగిలాయి. నా పీఆర్‌ని నా చేతే ఒక్కో ఫోనుతో చెరిపించింది అనిపించింది ఆ రోజు. అన్నం తినలేకపోయాను. ఆవిడ మాత్రం టీ తాగుతూ కార్డుల మీద పెన్సిల్‌తో ఇంటూలు పెట్టుకుంది.

ఆ ప్రశ్న స్కూళ్ళతో ఆగేది కాదు. బేస్‌మెంట్ మారుతున్నాం, ఫ్రెండ్స్ వస్తామన్నారు అంటే, ఎవరు, ఎన్నింటికి అనేది. టొరంటోలో మా దూరపు బావ ఎప్పుడైనా రమ్మన్నాడంటే, ఎప్పుడైనా అంటే ఏ వారం అనేది. చెప్పాలంటే ఆవిడ దగ్గర ఏ శుభవార్తా నిలిచేది కాదు. సందీప్ ఆవిడకి ఒక పేరు కూడా పెట్టాడు, అది ఇప్పుడు రాయడం బాగుండదు.

కిందామీదా పడి సెప్టెంబరు రెండో వారానికి తొమ్మిది స్కూళ్ళు చేశాను. పదోది మళ్ళీ మిల్టన్‌లోనే, ఊరి చివర, సగం క్లాసులు పోర్టబుల్స్‌లో, ఆవరణలో పెట్టిన తాత్కాలిక గదుల్లో, నడిచే స్కూలు. సెక్రటరీ సంతకం కూడా పెట్టింది. దింపేది ఎవరని అడిగితే, సంబడీ విల్ బీ అరౌండ్ అంది. కార్డు తెచ్చి ఆంటీ ముందు పెట్టాను. ఆవిడ కళ్ళజోడు ఎత్తి చూసింది.

"గడి ఖాళీగా ఉంది కదయ్యా."

"ఎవరో ఒకరు ఉంటరన్నరు."

"ఎవరో ఒకరికి పేరుండదూ?"

"ఆంటీ, ఇది పదోది. ఇంకో స్కూల్ కోసం తిరుగుదామంటే టైం లేదు. ఇది పోతే నేను ఇంటికి టికెట్ కొనుక్కోవాలె."

"పేరు లేకుండా నేను కంపెనీకి పంపను. నీ పేరు రాయనా?"

"రాయండి. ఏదో ఒకటి రాసి పంపండి."

గొంతు పెంచానని తరువాత తెలిసింది. ఆవిడ పెన్సిల్‌తో గడిలో ఏదో రాసి కార్డు పెట్టెలో పడేసింది. నేను వంగి చూడలేదు. నా పేరే అనుకున్నాను.

అక్టోబరులో ఆ రోజు సన్నగా తుంపర పడుతోంది. నేను మధ్యాహ్నం ఒంటిగంటకే వెళ్ళాను. ట్రక్కు అప్పటికే వచ్చి, మనిషెత్తు డబ్బాల దొంతరలు పేవ్‌మెంట్ మీద దించి వెళ్ళిపోతోంది. ఆఫీసులోకి పరిగెత్తాను. సంతకం పెట్టిన సెక్రటరీ సెలవులో ఉంది. ఆవిడ సీట్లో ఉన్న అమ్మాయికి విషయమే తెలియదు. ప్రిన్సిపాల్ మీటింగుకి వేరే ఊరు వెళ్ళింది. డబ్బాలు చేర్చాల్సిన జిమ్ హాలు వైపు తలుపు తాళం. బయటికొచ్చి ఫోన్ తీశాను. సందీప్ షిఫ్టులో ఉన్నాడు. మిగతా రూమ్మేట్లలో ఇద్దరు ఎత్తలేదు, ఒకడు ఎత్తి "ఇంకో గంటలో చూస్తా మామా" అన్నాడు. ఇంకో గంటలో డబ్బాలు తుంపరకి తడిసి మెత్తబడతాయి. సరుకు పాడైతే స్కూలు వెనక్కి పంపుతుంది, పది కాస్తా తొమ్మిదవుతుంది. ఆంటీకి ఫోన్ చేయడానికి మనసు రాలేదు. నేను చెప్పలేదూ అంటుంది. ఆ మాట ఒక్కటీ ఆ రోజు వినలేననిపించింది.

ఒక్కో డబ్బా చంకన పెట్టుకుని చూరు కిందికి మోయడం మొదలుపెట్టాను. నాలుగో డబ్బాకి పాత వ్యాన్ లోపలికి తిరిగింది, ఎప్పట్లాగే నత్తలా. ఆంటీ దిగింది. మోకాలికి పట్టీ, చేతులకి తోటపని గ్లవ్స్. వెనక తలుపు తీసి మడత ట్రాలీ దించింది.

నా గొప్ప చూడడానికి వచ్చిందనుకున్నాను. "తనిఖీకొచ్చిన్రా ఆంటీ?" అన్నాను కూడా.

"ముందు తాళం" అంది.

పక్క సందులో చెత్త డబ్బాలు సర్దుతున్న కేర్‌టేకర్ దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళింది. మనవరాలి పేరు పెట్టి అడిగింది. ఆయన ఏదో చెప్పాడు, ఈవిడ ఏదో అంది. ఆయన నా వైపు చూసి, నా కాళ్ళ వైపు చూసి, తాళాల గుత్తి తీశాడు. జిమ్ పక్క తలుపు తెరుచుకుంది. లోపల్నుంచి ఒక పెద్ద చక్రాల బల్ల కూడా తోసుకొచ్చాడు.

రెండు గంటలు మోశాం. ఆవిడ ఒక్క క్షణం నోరు మూయలేదు. నడుము కాదు, మోకాళ్ళు వంచు. పేర్లు కనపడేట్టు పెట్టు. మూడో క్లాసుది నాలుగో క్లాసులో కలిపావు, కళ్ళెక్కడున్నాయి. తనే మోకాలు వంగక ఒక్కో డబ్బాకి పళ్ళు బిగపట్టేది. కూర్చోమంటే కసిరేది. బడి వదిలే వేళకి తల్లులు వరుస కట్టారు, ఎవరి డబ్బాలు వాళ్ళకి చల్లగా అందాయి. ఎగ్ అడిగిన తెలుగావిడ చెల్లెలి పిల్లలు ఆ స్కూల్లోనట, ఆవిడా వచ్చింది. అందరూ వెళ్ళాక ఆంటీ జిమ్‌లో బెంచీ మీద కూలబడి, నేల మీద పడ్డ అట్టముక్కలు చూపించి, "ఎత్తు. ఆయన ఊడ్చుకుంటాడా" అంది.

ఆ రోజు సంగతి ఆవిడ కంపెనీకి ఏమీ చెప్పలేదు. నవంబరులో నన్ను పర్మనెంట్ చేయమని రాసిన కాగితంలో నా గురించి ఒకే వాక్యం ఉంది, పని నేర్చుకుంటున్నాడు అని. ఇంకో మంచిమాట రాస్తే ఏం పోయిందో అని అప్పుడు తిట్టుకున్నాను. ఆ వాక్యంతోనే నాకు ఉద్యోగం వచ్చింది, తరువాత పీఆర్ వచ్చింది.

రెండేళ్ళ తరువాత ఆవిడ రిటైరై బూట్ల పెట్టె నా చేతిలో పెట్టింది. ఇంటికొచ్చి కార్డులు తిరగేస్తుంటే ఆ మిల్టన్ స్కూలుది తగిలింది. కింద గడిలో ఆ గుండ్రటి రాతే. నా పేరు కాదు. 'నేను' అని ఉంది. పక్కన చిన్నగా, గ్లవ్స్, ట్రాలీ అని.

నెల రోజుల ముందే రాసుకుందన్నమాట. నేను ఫోన్ చేసినా చేయకపోయినా ఆ రోజు ఆ వ్యాన్ వచ్చేదే. ఆపుకోలేక ఫోన్ చేసి అడిగాను.

"ఆంటీ, నా పేరు రాయమన్న కదా. మీది రాసుకున్నరేంది?"

"నువ్వు కోపంగా అన్నావయ్యా. కోపంలో అవునన్నది కూడా లెక్కలోకి రాదు." ఆగి అడిగింది, "ఈ ఏడాది ఎన్ని గడులు ఖాళీగా ఉన్నాయి?"

థాంక్స్ చెప్పాలని చేసిన ఫోన్‌లో ఇరవై నిమిషాలు గడుల గురించే మాట్లాడించింది. థాంక్స్ చెప్పలేదు. తరువాత చెప్పొచ్చులే అనుకున్నాను. తరువాత అంటే ఏ వారమో నేను అనుకోలేదు, ఎప్పుడూ నన్ను అడిగే మనిషి అదొక్కటీ అడగలేదు. అది నన్ను ఇప్పుడు తినేస్తోంది.

సాయంత్రం మళ్ళీ ఫోన్ తిప్పి చూశాను. మేమున్నాం అన్నవాళ్ళు ఇంకా పెరిగారు. నేను గ్రూపులో రాశాను: "శనివారం తొమ్మిదింటికి కుర్చీలు, బల్లలు వస్తాయి. హాలు మెట్ల కింద ఉంది. ఎవరు దింపుతారు? పేర్లు చెప్పండి."

నీలం టిక్కులు పడ్డాయి. తరువాత ఎవరో ఒకాయన, ఎంతో మర్యాదగా, "ఎవరో ఒకరు ఉంటారులెండి బ్రదర్" అని పెట్టి పక్కన చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు.

దాని కింద నా పేరు రాశాను. గ్లవ్స్, ట్రాలీ నేనే తెస్తాను అని కూడా రాశాను. తరువాత లేచి వెళ్ళి, శనివారానికి వేసుకోవాల్సిన బూట్లు తీసి తుడవడం మొదలుపెట్టాను.